పాత డయల్ ఫోన్‌కు మళ్లీ గంట: రింగు సర్క్యూట్ ప్రాజెక్టు డైరీ

ఎందుకు, ఏమిటి

ఐటీఐ వాళ్ల నల్ల డయల్ ఫోన్. 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ తయారుచేసిన ఇలాంటి ఫోన్లు చాలా ఇళ్లలో ఇంకా అటకల మీదే ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ దొరుకుతుంటాయి. ఫోన్ చెడిపోదు, దానికి లైను ఇచ్చేవాళ్లే లేరు. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చింది. ఫైబర్ మోడెం వెనకున్న ఫోన్ పోర్టు గంట కొడుతుంది గానీ, చాలా మోడెంలు డయల్ తిప్పితే పట్టించుకోవు. వాటికి బటన్ ఫోన్ టోన్లే అర్థమవుతాయి.

కాబట్టి ఎక్స్ఛేంజీ చేసే పనిని బల్ల మీదే చేయాలి. గంట మోగాలి, రిసీవర్ ఎత్తగానే ఆగాలి, డయల్ తిప్పితే అంకె తెలియాలి. చూడ్డానికి గంటే కష్టమనిపిస్తుంది, దానికి 75 వోల్టులు కావాలి కదా అని. అసలు చిక్కు రెండోదానిలో ఉంది. గంట మోగుతుండగా రిసీవర్ ఎత్తారని సర్క్యూట్‌కు తెలియజేయడమే ఈ ప్రాజెక్టులో ఎక్కువ ఆలోచన అడిగిన భాగం.

ముందే ఒక హెచ్చరిక. ఇది పూర్తిగా విడిగా ఉండే సర్క్యూట్. బీఎస్‌ఎన్‌ఎల్ లైనుకు గానీ మరే టెలిఫోన్ లైనుకు గానీ దీన్ని తగిలించకూడదు.

ఫోన్ పరీక్ష

సర్క్యూట్ మొదలుపెట్టే ముందు ఫోన్ బాగుందో లేదో మల్టీమీటర్‌తో తేల్చుకోవాలి. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు లైను తీగల మధ్య రెసిస్టెన్స్ చూస్తే, రీడింగ్ ఒక్క క్షణం కదిలి తర్వాత ఓపెన్ చూపించాలి. లోపల గంట కాయిల్ దాదాపు 1000 ఓమ్‌లు, దానితో సిరీస్‌లో దాదాపు 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్ డీసీని ఆపుతుంది, రింగు ఏసీని వదులుతుంది. రిసీవర్ ఎత్తితే 100 నుంచి 300 ఓమ్‌ల మధ్య కనిపించాలి. మౌత్‌పీస్‌ను వేలితో తడితే ఆ అంకె ఊగుతుంది. అందులో బొగ్గు రేణువులుంటాయి కాబట్టి ఊగడం మంచి లక్షణమే. ఊగకుండా వేల ఓమ్‌లలో నిలబడిపోతే రేణువులు గట్టిపడ్డాయని అర్థం. అరచేతిలో పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా తట్టితే చాలావరకు విడిపోతాయి.

ఇంకొక పరీక్ష వదలకూడదు. రిసీవర్ పెట్టి ఉంచి, 24 వోల్టుల డీసీ ఇచ్చి కరెంటు కొలవాలి. కెపాసిటర్ చార్జి అయ్యాక సున్నా రావాలి. పాత కాగితపు కెపాసిటర్ లీకవుతుంటే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు కనిపిస్తాయి. దాన్ని తీసేసి 2.2 మైక్రోఫారడ్లు, 250 వోల్టుల పాలియెస్టర్ కెపాసిటర్ వేయడం మేలు. లీకేజీతో పని మొదలుపెడితే ఆ తర్వాత ఏది మొరాయించినా కారణం ఎక్కడుందో తేలదు.

రింగు వోల్టేజీ

మన ఎక్స్ఛేంజీలు ఇచ్చే రింగు 75 వోల్టులు, 25 హెర్ట్జ్. వరస: 0.4 సెకన్లు మోత, 0.2 విరామం, మళ్లీ 0.4 మోత, 2 సెకన్ల నిశ్శబ్దం. మనందరికీ అలవాటైన "ట్రింగ్ ట్రింగ్" అదే. 25 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 40 మిల్లీసెకన్లు కాబట్టి 0.4 సెకన్లంటే సరిగ్గా పది సైకిళ్లు. దీన్నంతా నడిపే ఆర్డ్యూనో నానో (చిన్న కంప్యూటర్ బోర్డు) ప్రోగ్రామ్‌లో సమయం చూసే బదులు సైకిళ్లు లెక్కపెడితే పని శుభ్రంగా ఉంటుంది.

వోల్టేజీ పెంచడానికి మామూలు 230 వోల్టుల నుంచి 12-0-12, 500 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగేసి వాడాం. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. 24 వోల్టుల వైపు ఎల్298ఎన్ మాడ్యూల్ (కరెంటును అటూ ఇటూ మార్చే మోటార్ డ్రైవర్ బోర్డు) డ్రైవ్ చేస్తుంది, 230 వైపు నుంచి రింగు వస్తుంది. మధ్య ట్యాప్ దేనికీ కలపకుండా వదిలేయాలి.

ఇక్కడ లెక్క ముఖ్యం. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఈ ఇనుప కోరు 50 హెర్ట్జ్ కోసం చేసింది. సగం ఫ్రీక్వెన్సీలో నడిపితే వోల్టేజీ కూడా సగమే ఇవ్వాలి, లేకపోతే కోరు సాచురేట్ అవుతుంది, అంటే అయస్కాంత బలం ఇక పెరగక కరెంటు మాత్రం ఎగబాకుతుంది. 24 వోల్టుల వైండింగుకు 25 హెర్ట్జ్ దగ్గర 12 వోల్టులే హద్దు, అది కూడా సైన్ వేవ్‌కు. ఎల్298 ఇచ్చేది స్క్వేర్ వేవ్. అందులో 12 వోల్టులిస్తే ఫ్లక్స్ (కోరులోని అయస్కాంత ప్రవాహం) హద్దుకన్నా సుమారు పదకొండు శాతం ఎక్కువవుతుంది. ఎల్298 తనలోనే రెండు, రెండున్నర వోల్టులు మింగేస్తుంది కాబట్టి 12 వోల్టుల సప్లైతో వైండింగుకు 9.5 చేరుతుంది, హద్దులోనే ఉంటుంది. మిగతాచోట్ల తిట్టించుకునే ఆ డ్రాప్ ఇక్కడ మేలే చేస్తుంది. ఎవరైనా ఎల్298 బదులు డ్రాప్ తక్కువుండే మాస్‌ఫెట్ బ్రిడ్జి వాడదలిస్తే సప్లైని 10 వోల్టులకు తగ్గించుకోవాలి.

230ని 24తో భాగించి 9.5తో గుణిస్తే 91 వోల్టులు రావాలి. రాదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో లోడు డ్రాప్‌ను ముందే ఊహించి సెకండరీ చుట్లు ఎక్కువ వేస్తారు. దీన్ని మామూలుగా మెయిన్స్‌కు పెట్టి చూస్తే లోడు లేనప్పుడు 28 వోల్టులొచ్చింది. అంటే నిజమైన నిష్పత్తి 8.2, రింగు 78 వోల్టులు. మనకు కావలసింది దాదాపు అదే.

కొలిచేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజ్ సైన్ వేవ్‌కు తగ్గట్టు చేసిందే. స్క్వేర్ వేవ్‌ను 1.11 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. మీటరు 86 అంటే ఉన్నది 78. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరైతే ఉన్నదే చూపిస్తుంది.

12-0-12లో సగం వైండింగుకే డ్రైవ్ ఇస్తే వోల్టేజీ రెట్టింపవుతుందనే ఆశ చాలామందికి కలుగుతుంది. ఫ్లక్స్ కూడా రెట్టింపై, కోరు ప్రతి అర్ధ సైకిల్‌లోనూ సాచురేట్ అయి, ఎల్298 హీట్‌సింకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది.

ఫ్లక్స్ విషయంలోనే మరొకటి. రింగు మొదలైనప్పుడు తొలి అర్ధ సైకిల్‌ను 20 మిల్లీసెకన్లు కాకుండా 10 మాత్రమే ఇవ్వాలి. కోరు సున్నా నుంచి బయలుదేరుతుంది. మొదటిసారే పూర్తి 20 ఇస్తే ఫ్లక్స్ ఒకవైపే రెట్టింపు దూరం పోతుంది, ప్రతి మోత మొదట్లోనూ కరెంటు ఎగిసిపడుతుంది. 10తో మొదలుపెడితే రెండువైపులా సమానంగా ఊగుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్పు, అడాప్టర్ మీద పడే భారంలో మాత్రం చాలా తేడా.

గంట మోత పలచగా ఉంటే ముందు వోల్టేజీని అనుమానించకూడదు. సుత్తి రెండు గిన్నెలకూ సమానంగా తగులుతోందా చూడాలి. గిన్నె స్క్రూ కాస్త వదులుచేసి తిప్పితే ఎడం మారుతుంది. సుత్తి తగిలీ తగలగానే వెనక్కి రావాలి. గిన్నెను ఆనుకునే ఉంటే "టక టక" తప్ప మోగదు.

ఇది 78 వోల్టులు, ఆటవస్తువు కాదు. 230 వైపు అతుకులన్నింటికీ హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద "మెయిన్స్‌కు పెట్టవద్దు" అని రాసి అంటించాం. తిరగేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మరొకరు చూసి ప్లగ్గు బిగించే ప్రమాదం నిజంగానే ఉంది.

మాట్లాడే దారి

సప్లై 24 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్. దాని నుంచి వోల్టేజీ తగ్గించే ఎల్ఎం2596 మాడ్యూల్ 12 వోల్టులు తీసి ఎల్298కు, రిలేకు, ఆర్డ్యూనో నానోకు ఇస్తుంది. ఎక్స్ఛేంజీ 48 వోల్టులిచ్చేది కిలోమీటర్ల తీగ కోసం. బల్ల మీద ఉన్న ఫోన్‌కు 24 సరిపోతాయి.

రెండు జతల కాంటాక్టులున్న 12 వోల్టుల రిలే లైనును అటూ ఇటూ మారుస్తుంది. కాయిల్‌ను బీసీ547 ట్రాన్సిస్టర్ నడుపుతుంది, బేస్‌కు 1 కిలో ఓమ్, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్. రిలే ఖాళీగా ఉన్నప్పుడు మాట్లాడే దారి: ప్లస్ 24 నుంచి పీసీ817 ఆప్టోకప్లర్ (లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో ట్రాన్సిస్టర్‌ను నడిపే భాగం) ఎల్‌ఈడీ, 220 ఓమ్‌లు, ఫోన్, మళ్లీ 220 ఓమ్‌లు, గ్రౌండ్. రిసీవర్ ఎత్తితే సుమారు 36 మిల్లీ ఆంపియర్లు పారతాయి. బొగ్గు మౌత్‌పీస్‌కు అది మంచి కరెంటు. లైను తీగలు ఒకదానికొకటి తగిలినా 52 దాటదు. 220 ఓమ్‌ల రెసిస్టర్లు 1 వాట్‌వి వేయాలి. పావు వాట్‌వి మామూలు సంభాషణకే వేడెక్కిపోతాయి.

ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీకి అడ్డంగా 150 ఓమ్‌లు పెట్టాం. ఎల్‌ఈడీ వెలగాలంటే దాని మీద 1.2 వోల్టులు పడాలి, అంటే 150 ఓమ్‌లలో 8 మిల్లీ ఆంపియర్లు దాటాలి. వానాకాలం చెమ్మతో లైనులో రెండు మూడు మిల్లీ ఆంపియర్లు కారినా ఎత్తినట్టు పొరపడదు. ఎల్‌ఈడీ రివర్స్‌లో 6 వోల్టులే ఓర్చుకుంటుంది కాబట్టి ఎదురుగా ఒక 1ఎన్4007 కూడా. ట్రాన్సిస్టర్ వైపు నానో పిన్నుకు, లోపలి పుల్‌అప్‌తో (మామూలుగా పిన్నును హైలో ఉంచే రెసిస్టర్). ఎత్తితే పిన్ను "లో" (దాదాపు సున్నా వోల్టులు) అవుతుంది. ఈ భాగం మొదటిసారే సరిగా పనిచేసింది, చెప్పడానికి ఇంతకుమించి లేదు.

మోగుతుండగా ఎత్తితే

ఇక అసలు సంగతి. రిలే లాగినప్పుడు రింగు దారి: ప్లస్ 24 నుంచి రెండో ఆప్టోకప్లర్, ట్రాన్స్‌ఫార్మర్ 230 వైండింగు, 470 ఓమ్‌లు 2 వాట్లు, ఫోన్, గ్రౌండ్. వైండింగు రెసిస్టెన్స్ ఇంకో 350 ఓమ్‌ల దాకా ఉంటుంది. రింగు ఏసీ కింద 24 వోల్టుల డీసీ కూడా ఉందన్నది గమనించాలి. పెట్టి ఉన్న ఫోన్‌లో కెపాసిటర్ డీసీని ఆపుతుంది. ఎత్తిన ఫోన్ డీసీని పారనిస్తుంది. ఆ తేడా ఒక్కటే మనకున్న ఆధారం. ఎక్స్ఛేంజీలు చేసిందీ ఇదే, రింగు కరెంటుకు కదలకుండా డీసీకి మాత్రమే కదిలే రిలే పెట్టి.

మొదటి దారిలోలాగే ఇక్కడా ఉత్త ఆప్టోకప్లర్ పెట్టి, పిన్ను ఎంతసేపు లో ఉందో ప్రోగ్రామ్‌లో లెక్కిస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఎత్తినప్పుడు డీసీ 22 మిల్లీ ఆంపియర్లయితే ఏసీ 76. ఒక అర్ధ సైకిల్‌లో 98 అటు, మరో అర్ధ సైకిల్‌లో 54 ఇటు. ఎల్‌ఈడీ సగం సేపు వెలుగుతుంది, సగం సేపు ఆరుతుంది. పెట్టి ఉన్నప్పుడు కూడా గంట కరెంటుకు అర్ధ సైకిల్‌కోసారి వెలిగి ఆరుతూనే ఉంటుంది. ఎంత తెలివైన ప్రోగ్రామ్ రాసినా, ఆప్టోకప్లర్ వెలుగూ ఆరూ అని మార్చేశాక పోయిన డీసీని తిరిగి తేలేదు. ఫిల్టర్ డిటెక్టర్‌కు ముందే ఉండాలి.

అందుకే రెండో ఆప్టోకప్లర్ దగ్గర అమరిక వేరు. 150 ఓమ్‌లకు అడ్డంగా 470 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్. ఎల్‌ఈడీకి సిరీస్‌లో 100 ఓమ్‌లు. ఎదురు డయోడ్ యథాప్రకారం.

470 ఎందుకో చూద్దాం. రింగు మైనస్ 78 నుంచి ప్లస్ 78కి మారినప్పుడు గంట కెపాసిటర్ గుండా పోయే చార్జి 2 మైక్రోఫారడ్లు ఇంటూ 156 వోల్టులు, అంటే 312 మైక్రోకూలంబులు. ఆ చార్జి 470 మైక్రోఫారడ్లలో పడితే 0.66 వోల్టుల ఊపు, మధ్య నుంచి అటూ ఇటూ 0.33. ఎల్‌ఈడీకి కావలసిన 1.2 చాలా దూరం. ఇంకో ఫోన్ పక్కన కలిపినా 0.66 దగ్గరే ఆగుతుంది. అదే 100 మైక్రోఫారడ్లు వేస్తే ఊపు అటూ ఇటూ ఒకటిన్నర వోల్టుల దాకా పోతుంది, ఎవరూ ఎత్తకముందే గంట ఆగిపోతుంది. "ఒక్కసారి మోగి ఆగిపోతోంది" అనే ఫిర్యాదుకు మొదట చూడాల్సిన చోటు ఈ కెపాసిటరే. పాతబడి ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కూడా ఇదే పని చేస్తుంది.

మరి 4700 వేస్తే? రిసీవర్ ఎత్తాక కెపాసిటర్ 1.2 వోల్టులకు చేరాలి. 22 మిల్లీ ఆంపియర్లతో 470 నిండడానికి ముప్పై మిల్లీసెకన్లు చాలు. 4700 అయితే అంతకు పది రెట్లు. అంతసేపు చెవి దగ్గర రింగు గుర్రుమంటూనే ఉంటుంది. పైగా ఎత్తిన ఫోన్ గుండా 230 వైండింగులో డీసీ పారుతుంటే కోరు ఒకవైపు సాచురేట్ అవుతుంది. వీలైనంత త్వరగా ఆపడమే మంచిది.

100 ఓమ్‌ల రెసిస్టర్‌ను అనవసరమని తీసేయకూడదు. ఎత్తిన క్షణంలో పాజిటివ్ అర్ధ సైకిల్ 98 మిల్లీ ఆంపియర్లు తోస్తుంది. పీసీ817 ఎల్‌ఈడీ హద్దు 50. ఆ 100 ఓమ్‌లు ఉంటే మిగులు కరెంటు కెపాసిటర్‌లోకి పోతుంది, ఎల్‌ఈడీకి పాతిక దగ్గరే ఆగుతుంది.

ప్రోగ్రామ్‌లో టైమర్ ఇంటరప్ట్ ప్రతి మిల్లీసెకనుకూ పిన్నులు చదువుతుంది. రింగు మొదలయ్యాక 40 మిల్లీసెకన్లు ఏమీ పట్టించుకోదు, రిలే కాంటాక్టుల గలాటా ఆ లోపు సద్దుమణుగుతుంది. తర్వాత వరసగా రెండు సైకిళ్లలో 5 మిల్లీసెకన్లు ఎడతెగకుండా లో ఉంటే ఎత్తినట్టు. అప్పుడు చేయాల్సిన వరస తప్పకూడదు: ముందు ఎల్298 రెండు ఇన్‌పుట్లూ లో, 20 మిల్లీసెకన్ల ఆగు, ఆ తర్వాతే రిలే వదలాలి. వైండింగులో కరెంటు ఉండగా కాంటాక్టు విడిస్తే నిప్పురవ్వ వస్తుంది, నానో రీసెట్ అవుతుంది. రిలే వదిలాక మొదటి ఆప్టోకప్లర్ 50 మిల్లీసెకన్లలో "ఎత్తారు" అని ఖాయం చేయాలి. చేయకపోతే అది తప్పుడు కబురు, రింగు మళ్లీ కొనసాగించాలి.

0.2 సెకన్ల విరామంలో రిలేను కదపం, రెండో ఆప్టోకప్లరే చూసుకుంటుంది. 2 సెకన్ల నిశ్శబ్దంలో వదిలేస్తాం. రెండు దారుల్లోనూ డీసీ ఒకే పోలారిటీలో ఉండటం వల్ల మరో లాభముంది. దారి మారినప్పుడు గంట కెపాసిటర్ వోల్టేజీ మారదు, గంట "టింగ్" మనదు. అలా అంటోందంటే రింగు దారిలో ప్లస్, గ్రౌండ్ తిరగబడ్డాయన్నమాట.

ఇంత సోల్డరింగ్ వద్దనుకునేవారికి సిల్వర్‌టెల్ ఏజీ1171 మాడ్యూల్ ఉంది. రింగు పిన్ను హై చేసి ఫార్వర్డ్–రివర్స్ పిన్నును 25 హెర్ట్జ్‌లో ఊపితే గంట మోగుతుంది, ఎత్తితే ఒక పిన్ను హై అవుతుంది. పని త్వరగా అవుతుంది. గంటకూ రిసీవర్‌కూ మధ్య ఏం జరుగుతుందో కళ్లారా చూడాలంటే మాత్రం పైదే నయం.

డయల్

డయల్ తిరిగి వచ్చేటప్పుడు లైనును తెంపుతూ కలుపుతూ వస్తుంది. 4కు నాలుగుసార్లు, 0కు పదిసార్లు. సెకనుకు పది పల్సులు, ఒక్కోదానిలో 66 మిల్లీసెకన్లు తెగి, 33 కలిసి ఉంటుంది. మొదటి ఆప్టోకప్లర్‌కు కెపాసిటర్ పెట్టకపోవడానికి కారణమిదే. 470 ఉంటే ఆ 33 మిల్లీసెకన్లలో సగం కరిగిపోయేవి.

20 నుంచి 150 మిల్లీసెకన్ల తెంపు అయితే పల్సు. 300 దాటితే రిసీవర్ పెట్టేశారు. 200 కలిసే ఉంటే అంకె పూర్తయింది. 5 మిల్లీసెకన్ల లోపు అలజడి ఏదైనా లెక్కలోకి రాదు. ఎత్తిన వెంటనే 300 మిల్లీసెకన్లు ఏ పల్సునూ నమ్మకూడదు. హుక్ స్ప్రింగులు అదిరి "1" డయల్ చేసినట్టు చూపిస్తాయి.

అంకెలు తరచూ తప్పుతుంటే పల్సు కాలాలను కంప్యూటర్ తెర మీద సీరియల్ మానిటర్‌లో అచ్చు వేసి చూడాలి. 66 బదులు 83 కనిపిస్తే డయల్ సెకనుకు ఎనిమిది పల్సులే ఇస్తోంది, నూనె ఎండింది. ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, గవర్నర్ (డయల్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) రుద్దుకునే గిన్నెలో మాత్రం పడకూడదు. పడితే ఈసారి వేగం అదుపు తప్పుతుంది.

మిగిలిన పని

ఎత్తితే డయల్ టోన్ రావాలి. మన పాత టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ మాడ్యులేషన్, ఆ గరగర అందుకే. ఎంగేజ్ టోన్ ఉత్త 400 హెర్ట్జ్, 0.75 సెకన్లు మోత, 0.75 విరామం. నానో పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే) పిన్ను నుంచి టోన్ తీసి, 600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 2.2 మైక్రోఫారడ్లతో మాట్లాడే దారికి కలపాలి. కలిపే చోటు రిలేకు ఇవతల, 220 ఓమ్‌ల వైపు ఉండాలి, అప్పుడు 78 వోల్టులు అటు రావు, 63 వోల్టుల కెపాసిటర్ సరిపోతుంది. లైను వైపు కలిపితే రింగు మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ గుండా నానో పిన్ను మీద పడుతుంది.